3816547290 లాంటిది ఇదొక్కటేనా?

ప్రశ్న:
రెండు రోజులుగా ఈ సంఖ్య నన్ను వదలడం లేదు. 3816547290. పది అంకెలూ ఒక్కోసారే వస్తాయి. ఎడమ నుంచి రెండంకెలు తీసుకుంటే 38, రెండో ఎక్కంలో పోతుంది, మూడు తీసుకుంటే 381, మూడో ఎక్కంలో పోతుంది, 3816 నాలుగుతో, 38165 ఐదుతో, ఇలా పది దాకా. ఏడు దగ్గర తప్పుతుందేమోనని కాగితం మీద చేసి చూశాను, 3816547 అంటే సరిగ్గా 7 × 545221! ఇలాంటిది ఇదొక్కటే అంటున్నారు. పది అంకెల్ని 36 లక్షలకు పైగా రకాలుగా పేర్చవచ్చు కదా, కంప్యూటర్ లేకుండా తేల్చే దారి ఉందా?

జవాబు 1:
ఉంది, చేత్తోనే అయిపోతుంది. పదితో పోవాలి కాబట్టి చివర 0, ఐదో స్థానంలో 5. సరి స్థానాల్లో సరి అంకెలే రావాలి, కాబట్టి మిగతా చోట్ల బేసి అంకెలు. అసలు పట్టు ఇక్కడ దొరుకుతుంది: నాలుగుతో పోవాలంటే 3, 4 స్థానాల్లోని రెండంకెల సంఖ్య నాలుగుతో పోవాలి, అందులో ముందున్నది బేసి అంకె, కాబట్టి నాలుగో అంకె 2 లేదా 6 (14 పోదు, 16 పోతుంది). ఎనిమిదో స్థానానికీ అంతే. అంటే 4, 8 అంకెలు రెండో స్థానానికీ ఆరో స్థానానికీ వెళ్తాయి. మొదటి మూడంకెలూ మూడుతో పోతాయి, మొదటి ఆరూ పోతాయి, కాబట్టి 4, 5, 6 స్థానాల మొత్తం కూడా పోవాలి. దాంతో అక్కడ 258 గానీ 654 గానీ తప్ప ఇంకేం పట్టదు. తొమ్మిది గురించి బెంగ లేదు, 1 నుంచి 9 కూడితే ఎలాగూ 45.

మూడు, ఎనిమిది షరతులు కూడా పెడితే మిగిలేవి పదే. ఏడు పెట్టి చూడండి, తొమ్మిది ఎగిరిపోతాయి.

జవాబు 2:
ఆ పదిలో 9876543210 ఉంది! ఏడు ఒక్కటే దాన్ని ఆపింది, 9876543లో శేషం 5. ఇంకోటి 1472589630, ఫోన్ కీప్యాడ్ మీద నొక్కి చూడండి, రెండు నిలువు వరసలు పైనుంచి కిందికి, మూడోది కింది నుంచి పైకి, చివర 0. అదీ ఏడు దగ్గరే పోయింది, శేషం 6.

జవాబు 3:
అంకెలు మళ్లీ మళ్లీ రావచ్చు అనుకుంటే ఇంకా దూరం వెళ్లొచ్చు. పదో అంకె దాకా ఎక్కడా ఆగిపోం, ఎందుకంటే చివర 0 నుంచి 9 దాకా పెడితే వరసగా పది సంఖ్యలు వస్తాయి, వాటిలో కావాల్సిన గుణిజం ఒకటైనా ఉండి తీరుతుంది. పదకొండు నుంచి ఆ భరోసా లేదు. పది అంకెలవి 2492 ఉంటాయి, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ 25 అంకెల దగ్గర ఒక్కటే మిగులుతుంది: 3608528850368400786036725. దీని పక్కన ఏ అంకె పెట్టినా 26తో పోదు.

ప్రశ్న అడిగినవారు:
పదీ రాసుకుని ఒక్కొక్కటే ఏడుతో భాగించాను. మిగతా తొమ్మిదింటిలోనూ శేషం వచ్చింది. 1836547కి 6, 1896547కి 2... నిజంగానే ఇదొక్కటే. చాలా థాంక్స్ అండీ, ఇప్పుడా 25 అంకెల దాన్ని మొదలుపెడుతున్నాను.