అప్‌డేట్: కరెంటు పోయిన అరగంటకే ఇన్వర్టర్ ఆగిపోయే సమస్య తీరింది

మధ్యాహ్నం పూట రెండు గంటల పాటు ఉండే కరెంటు కోతలో, 150 ఏహెచ్ సామర్థ్యమున్న ట్యూబులర్ రకం బ్యాటరీ ఉన్నా అరగంటకే ఇన్వర్టర్ ఆగిపోతోందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. టెర్మినల్స్ (బ్యాటరీకి వైర్లు బిగించే కొసలు) చూడమన్నవారి మాటే నిజమైంది.

మెకానిక్ వచ్చి ముందు హైడ్రోమీటర్ (బ్యాటరీలో యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే సాధనం) పెట్టాడు. రీడింగ్ తక్కువే, కానీ బ్యాటరీలోని ఆరు సెల్స్‌ (గదులు)లోనూ దాదాపు ఒకేలా ఉంది. అంటే ఏ సెల్లూ పోలేదు, బ్యాటరీ పూర్తిగా చార్జ్ కావట్లేదంతే. ప్లస్ టెర్మినల్ క్లాంపు విప్పితే లోపలంతా తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది, దాంతో చార్జింగ్ కరెంటు సరిగ్గా లోపలికి వెళ్లట్లేదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి పెట్రోలియం జెల్లీ రాశాడు. రాత్రంతా చార్జ్ పెట్టాక మర్నాటి కోత మొత్తం మూడు ఫ్యాన్లూ తిరిగాయి. ఎండకు తట్టుకోలేని నాన్నగారు హాయిగా పడుకున్నారు, నాకు అదే పెద్ద ఊరట.

డిస్టిల్డ్ వాటర్ సరిగ్గానే ఉంది. ఇన్వర్టర్ మార్చాల్సిన పని లేదు, కొత్త బ్యాటరీ అసలే అక్కర్లేదు.

ఇంట్లోనే శుభ్రం చేసుకునేవాళ్లు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసేసి, ముందు మైనస్ వైరే విప్పండి. సోడా నీళ్లు సెల్స్‌లోకి పోకుండా మూతలు బిగించి ఉంచండి.