"ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు": ఈ తెలుగు సరిపోతుందా?

డిగ్రీ పిల్లలకు అమెరికా విప్లవం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒక వాక్యం దగ్గర ఆగిపోతాను. ఇంగ్లీషులో అది "నో టాక్సేషన్ వితౌట్ రిప్రజెంటేషన్". తెలుగులో "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు" అని చెప్పుకుంటాం. ఈసారి ఒక అమ్మాయి లేచి, "అయితే సార్, లండన్ పార్లమెంటులో నాలుగు సీట్లు పడేసి ఉంటే గొడవ తీరిపోయేదిగా?" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. మన వాక్యం అలాగే వినపడుతుంది: సీటివ్వండి, పన్ను కడతాం అని.

అమెరికాలోని బ్రిటిష్ వలసల వాళ్లు అన్నది అది కాదు. 1765 మార్చిలో పార్లమెంటు స్టాంపు చట్టం చేసింది. దస్తావేజులు, పత్రికలు, లైసెన్సులు, చివరికి పేకముక్కలకు కూడా ముద్ర సుంకం. అక్టోబరులో తొమ్మిది వలసల నుంచి 27 మంది న్యూయార్కులో కూడి తీర్మానాలు రాశారు. పార్లమెంటులోని కామన్స్ సభలో మాకు ప్రాతినిధ్యం లేదు, మేమున్న చోటును బట్టి ఉండే వీలు కూడా లేదు అన్నారు. మా ప్రతినిధులంటే మా మధ్య మేం ఎన్నుకున్నవాళ్లే, మాకు పన్ను వేయగలిగేది మా సభలే అని తేల్చారు. అంటే సీటు అడగడం లేదు. ఆ సభకు మా మీద పన్ను వేసే అర్హతే లేదంటున్నారు.

ఇక మన మాట సంగతి. ప్రతినిధి అంటే ఒకరికి బదులుగా నిలిపినవాడు, లేదా నిలిపినది. వేదకర్మలను విచారించే పూర్వమీమాంస శాస్త్రంలో ఇది యజ్ఞానికి సంబంధించిన మాట. సోమలత దొరక్కపోతే పూతిక అనే మొక్క వాడవచ్చు, అది సోమానికి ప్రతినిధి ద్రవ్యం. కానీ యజమానికి, అంటే యజ్ఞం చేయించేవాడికి, మాత్రం ప్రతినిధి ఉండడు, ఫలం దక్కేది ఆయనకే కనుక. ఈ పాత అర్థం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే 1765 నాటి తగాదా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది: ఒకరి బదులు ఇంకొకరు నిలబడాలంటే, నిలబెట్టేది ఎవరు?

లండన్ వారి జవాబును బ్రిటిష్ ఖజానా కార్యదర్శి థామస్ వేట్లీ రాశాడు. ఓటున్నా లేకపోయినా బ్రిటిష్ ప్రజలందరికీ పార్లమెంటులో ప్రాతినిధ్యం ఉన్నట్టే, ఎందుకంటే ప్రతి సభ్యుడూ తన ఊరికి కాదు, దేశమంతటికీ సభ్యుడు. దీన్ని ఇంగ్లీషులో "వర్చువల్ రిప్రజెంటేషన్" అన్నారు. తెలుగులో "పరోక్ష ప్రాతినిధ్యం" అంటే అర్థం పక్కకు పోతుంది, పరోక్ష ఎన్నిక అనిపిస్తుంది. నేను క్లాసులో "ఉన్నట్టే లెక్క ప్రాతినిధ్యం" అని చెప్తాను. పిల్లలకు వెంటనే పడుతుంది.

ఇంగ్లండులో ఆ లెక్క నడిచింది. మాంచెస్టరుకీ బర్మింగ్‌హామ్‌కీ 1832 దాకా సొంత సభ్యుల్లేరు. మనుషులు దాదాపు లేని ఓల్డ్ సేరమ్‌కు ఇద్దరున్నారు. దీని మీద మేరీలాండు న్యాయవాది డేనియల్ డ్యులానీ చెప్పిన మాట బలమైనది. ఇంగ్లండులో ఓటు లేనివాడి మీద పడే పన్ను ఓటున్నవాడి మీదా పడుతుంది, కనుక సభ్యుడు ఆలోచించి వేస్తాడు. అమెరికా మీద వేసే పన్ను ఇంగ్లండు ఓటరుకు బరువు కాదు, బరువు దిగడం! ఇక వాడు మా తరఫున ఎలా నిలబడతాడు?

ఈ వాదన పుస్తకాల్లోంచి పుట్టింది కాదు. దాని వెనక నూట యాభై ఏళ్ల అలవాటు ఉంది. 1619 జులైలో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చర్చిలో 22 మంది బర్జెస్సులు, అంటే నివాసాల నుంచి ఎన్నికై వచ్చినవాళ్లు, సభగా కూర్చున్నారు. (అదే వేసవి చివర ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులను అదే వలసలో అమ్మారు. ఈ రెండూ ఒకే ఏడాదివని చెప్పకుండా నేను ఎప్పుడూ ముందుకు వెళ్లను.) ఈశాన్యాన మసాచుసెట్సు వంటి వలసలున్న న్యూ ఇంగ్లండులో ఊరి సభలు రోడ్లూ బడులూ పన్నులూ తేల్చేవి. గవర్నరును రాజు పంపినా, చాలాచోట్ల ఆయన జీతం సభ ఓటు వేస్తేనే వచ్చేది. మాట వినని గవర్నరు జీతం కోసం ఎదురుచూడాల్సిందే. లండన్ చాలాకాలం దీన్నంతా చూసీచూడనట్టు వదిలేసింది. 1775లో సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో దీన్నే "సాల్యుటరీ నెగ్లెక్ట్" అన్నాడు. ఎవరైనా "హితకరమైన నిర్లక్ష్యం" అని రాస్తే నాకు బాధేస్తుంది. "చూసీచూడనట్టు వదిలేయడం" అనే నుడికారం మనకు ఉండనే ఉంది కదా.

వదిలేయకుండా పట్టుకున్నప్పుడు ఏమైందో కూడా వాళ్లకు గుర్తుంది. 1686 తర్వాత రాజు న్యూ ఇంగ్లండు వలసలను కలిపేసి, సభలు తీసేసి, ఎడ్మండ్ ఆండ్రోస్‌ను గవర్నరుగా కూర్చోబెట్టాడు. 1687లో మసాచుసెట్సులోని ఇప్స్‌విచ్ ఊరు, మా సభ ఒప్పుకోని పన్ను మేం కట్టం అంది. ముందు నిలిచిన పాస్టరు జాన్ వైజ్‌ను జైల్లో పెట్టి జరిమానా వేశారు. రెండేళ్లకు ఆండ్రోస్‌నే బోస్టనులో పట్టి బంధించారు. స్టాంపు చట్టానికి 78 ఏళ్ల ముందు మాట ఇది.

కనుక నా ప్రతిపాదన: "మేం ఎన్నుకోని సభ మా మీద పన్ను వేయరాదు". మీరేమంటారు?

వ్యాఖ్య: మాస్టారూ, మీ వాక్యంలో అర్థం సరిపోయింది కానీ నినాదం పోయింది. "లేనిదే… లేదు" అనే జంటలో ఒక పట్టుంది. పిల్లలకు అదే గుర్తుంటుంది.

జవాబు: నిజమేనమ్మా. ఆ పట్టు నాకూ కావాలి. "మా మాట లేనిదే మా మీద పన్ను లేదు" అంటే? ప్రాతినిధ్యం మాట పోతుంది, కానీ అసలు సంగతి చిక్కుతుంది. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద మోపిన నేరాల జాబితా చూడండి. పన్ను దగ్గర అక్కడ రిప్రజెంటేషన్ అనే మాట లేదు. "మా సమ్మతి లేకుండా మా మీద పన్నులు వేసినందుకు" అని ఉంది. 1766 జనవరిలో లండన్‌లోనే పార్లమెంటు సభ్యుడు విలియం పిట్ కూడా అదే అన్నాడు: పన్ను అంటే ప్రజలు తమ సభ ద్వారా ఇష్టపడి ఇచ్చేది. ఇచ్చేవాడు లేనప్పుడు అది ఇవ్వడం కాదు, లాక్కోవడం.

వ్యాఖ్య: ఊరి సభకు "రచ్చబండ" అంటే పోదా అండీ? అంత చక్కని మాట ఉండగా.

జవాబు: అయ్యా, మాట చక్కనిదే, పెద్దవారు మీరు చెప్పారు కనుక నేనూ రెండుసార్లు ఆలోచించాను. కానీ రచ్చబండ దగ్గర పెద్దలు తీర్పు చెప్తారు, మిగతావాళ్లు వింటారు. మసాచుసెట్సు ఊరి సభలో ఓట్లు పడేవి, పద్దు రాసేవారు, ఊరి అధికారులను ఎన్నుకునేవారు. బోస్టనులోని వలస శాసనసభకు వెళ్లే ప్రతినిధికి ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి ఇచ్చేవారు కూడా. 1765లో బ్రెయిన్‌ట్రీ ఊరి తరఫున అలాంటి సూచనలు రాసింది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్సే. 1774లో పార్లమెంటు ఆ ఊరి సభలను గవర్నరు అనుమతి లేకుండా ఏడాదికి ఒకటి మించి పెట్టరాదంది. అంత భయపడ్డారంటే ఆ సభల బలం ఊహించండి. "ఊరి సభ" అనే ఉంచుదాం.

ఇక్కడ ఇంకో మాట. మన "ప్రతినిధి"లో "మా ఊరివాడు" అన్న అర్థం లేదు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచారు, 1984లో పి.వి. నరసింహారావు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. మనకది వింతగా తోచలేదు. లోక్‌సభ అభ్యర్థి ఆ నియోజకవర్గం వాడే కానక్కర్లేదు. అమెరికా రాజ్యాంగం మాత్రం, ఎన్నికయ్యే నాటికి ఆ రాష్ట్రంలో నివసిస్తూ ఉండాలంటుంది. రెండేళ్లకోసారి ఎన్నిక, పన్ను రాబడి బిల్లులు ప్రతినిధుల సభలోనే మొదలవ్వాలన్న నియమం కూడా అందులోనే. ఇవన్నీ వలసకాలం దెబ్బల గుర్తులే. ప్రతినిధుల సభ ప్రజల చిన్న చిత్రపటంలా, అచ్చం వాళ్లలాగే ఉండాలని ఆడమ్స్ 1776లో రాశాడు. అంటే ఆయనకు ప్రతినిధి బదులు మనిషి మాత్రమే కాదు, ప్రతిబింబం కూడా. మన మాటలో ఈ రెండోది లేదు. ఉంటే బాగుండేది.

వ్యాఖ్య: మాది బందరు. బోస్టనులో 1773 డిసెంబరులో పన్నుకు నిరసనగా సముద్రంలో పారేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే కదా. అదే కంపెనీ 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మా ఉత్తర సర్కార్లు తీసుకుంది. అక్కడ పన్ను, ఇక్కడ శిస్తు.

జవాబు: ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టినందుకు మీకు దండం. 1766లోనే స్టాంపు చట్టం రద్దు చేస్తూ, ఏ విషయంలోనైనా సరే వలసలకు శాసనం చేసే అధికారం మాకుందని పార్లమెంటు ఇంకో చట్టం రాసుకుంది. అక్కడివాళ్లు ప్రతి ముక్కనూ పట్టుకుని వాదించగలిగారు, ఎందుకంటే వాళ్ల చేతిలో అప్పటికే సభలున్నాయి, అచ్చుయంత్రాలున్నాయి, జ్యూరీలున్నాయి. 1735లో న్యూయార్కులో గవర్నరును విమర్శించిన ముద్రాపకుడు జెంగర్‌ను జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. సర్కార్లలో శిస్తు కట్టిన రైతు అలాంటి ఏ సభ గడపా ఎక్కి ఎరగడు.

వ్యాఖ్య: మాస్టారూ, నేను మేరీలాండులో ఉంటాను. పక్కనే వాషింగ్టన్ డీసీ కార్ల నంబరు ప్లేట్ల మీద ఈ నినాదం మాటలే ఉంటాయి. డీసీ వాళ్లకు ప్రతినిధుల సభలో ఓటు లేని ఒక్క డెలిగేటే. నేనైతే వర్క్ వీసా మీద పదేళ్లుగా పన్ను కడుతున్నాను, ఓటు లేదు. ప్లేటు కనబడ్డప్పుడల్లా చదువుతాను. ఈ "మేం" అన్న మాటలో ఎవరెవరున్నారు?

జవాబు: తల్లీ, ఈ ప్రశ్న ఆనాడే అడిగినవాళ్లున్నారు. స్వాతంత్ర్య ప్రకటనలోని "పాలితుల సమ్మతి"లో ఆడవాళ్లు లేరు, బానిసలు లేరు, మూలవాసులు లేరు. 1780 ఫిబ్రవరిలో మసాచుసెట్సు డార్ట్‌మౌత్ ఊళ్లో పాల్ కఫీ, ఆయన అన్న జాన్, మరికొందరు నల్లజాతివారు శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. మా మీద పన్ను వేసేవాళ్లను ఎన్నుకోవడంలో మాకు ఓటు లేదు, ఆ పన్ను నుంచి మమ్మల్ని తప్పించండి అని. తెల్లవాళ్లు పార్లమెంటుతో అన్న మాటనే వాళ్లు ఆ తెల్లవాళ్ల సభకే తిప్పి చెప్పారు. నా వాక్యంలో "మేం" అని ఉంచడానికి అదే కారణం. "ప్రాతినిధ్యం లేనిదే" అన్నప్పుడు ఎవరి ప్రాతినిధ్యమో అడగాలనిపించదు. "మేం" అనగానే మీకు అడగాలనిపించింది చూడండి.

వ్యాఖ్య: ఆఖరుగా ఒకటి. "సమ్మతి" కంటే "ఒప్పుదల" తెలుగు కదా? "పాలితుల ఒప్పుదల" అంటే?

జవాబు: "ఒప్పుదల" బాగుంది, నేనూ వాడతాను. "అనుమతి" మాత్రం వద్దు. అనుమతి ఇచ్చేవాడు పైన ఉంటాడు, ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. 1776లో పెన్సిల్వేనియా తన రాజ్యాంగంలో గవర్నరే లేకుండా చేసి, ఏటా ఎన్నికలు పెట్టి, బిల్లులను ముందే అచ్చువేసి జనానికి చూపాలని రాసుకుంది. ఏడాదికోసారి అడగాల్సింది అనుమతి కాదు, ఒప్పుదలే. "పాలితులు" దగ్గర మాత్రం నాకింకా తృప్తి లేదు. ఎవరికైనా తేలిక మాట తడితే రాయండి.