పెరట్లో కప్పల కోసం చిన్న మడుగు: బోరు నీరు, దోమల విషయంలో సలహా కావాలి

దేవరకొండ శివారులో మా ఇంటి వెనుక రెండు గుంటల ఖాళీ స్థలం ఉంది. నిరుడు అందులోని మొక్కలన్నీ పీకించబోయి, జిల్లేడు ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు పట్టీల గొంగళి పురుగులను చూసి ఆగిపోయాను. అవి నారింజ రంగు సీతాకోకచిలుకలుగా మారడాన్ని మా పిల్లలు కళ్లారా చూశారు. అప్పటి నుంచి జిల్లేడును, తంగేడును ముట్టుకోలేదు. (కరివేపాకు కూడా సగం పురుగులకే పోతోంది, వంటింట్లో ఆ ఫిర్యాదు ఇంకా తీరలేదు.)

వానాకాలానికి ముందే ఒక మూలన ఆరడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల లోతున మడుగు తవ్వి కప్పలకు, తూనీగలకు తావు కల్పించాలని ఉంది. దోమలు పెరగకుండా వాటి లార్వాలను తినే గంబూసియా చేపలు వదలమన్నారు గానీ, అవి తోకకప్పలను కూడా తింటాయి కనుక నాకు మనసొప్పడం లేదు. తూనీగ పిల్లలు దోమ లార్వాలను తింటాయి, నిజమే. అయితే వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారయ్యే ఈ వేడిలో, అవి వచ్చి స్థిరపడేదాకా ఏం చేయాలి?

అసలు సందేహం నీటి గురించి. మా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. వేసవిలో ఆవిరైన కొద్దీ అదే నీరు పోస్తే లవణాలు పేరుకుంటాయి కదా, తోకకప్పలు తట్టుకుంటాయా, లేక మిద్దె మీది వాన నీటినే నిల్వ చేసుకోవాలా? అడుగున ప్లాస్టిక్ పట్టా మేలా, చెరువు మట్టి మెత్తడం మేలా? కప్పలుంటే పాములు వస్తాయని మా అమ్మ భయం. పిల్లలున్న ఇంట్లో ఇలాంటి మడుగు పెంచినవారు తమ అనుభవం చెప్పగలరు.