ఫిబ్రవరి గ్రాడ్యుయేషన్‌కి వేరే వేడుక అవసరమా? మేలో అందరితో కలిపేస్తే సరిపోదా?

ఎడిసన్_ఇల్లాలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో దసరా నుంచి నలుగుతున్న పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

మా అమ్మాయి వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీలో చదువుతోంది. 1800లో పెట్టిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, మొత్తం పిల్లలు మూడు వేల లోపే. అక్కడ సెప్టెంబరులో చేరేవాళ్లు కాకుండా ఏటా ఓ వందమంది దాకా ఫిబ్రవరిలో చేరతారు. వాళ్లని "ఫెబ్"లు అంటారు. మాదీ ఫెబ్బే. ఫిబ్రవరిలో చేరింది కాబట్టి ఎనిమిది సెమిస్టర్లూ వచ్చే ఫిబ్రవరికి అయిపోతాయి. వీళ్ల కోసం కాలేజీ వేరేగా వేడుక చేస్తుంది. ముందు చాపెల్‌లో, అంటే కాలేజీ ప్రార్థనా మందిరంలో సభ. తర్వాత అందరూ స్నో బౌల్ అని కాలేజీకి సొంతంగా ఉన్న స్కీ కొండ మీదికి వెళ్లి, గౌన్లు, టోపీలతోనే మంచు మీద జారుకుంటూ కిందికి వస్తారు. తల్లిదండ్రులం కింద నిలబడి చప్పట్లు కొట్టాలి.

మా అత్తగారు, మామగారు విజయవాడలో ఉంటారు. ఆయనకి మోకాళ్లు, ఆవిడకి ఆయాసం. ఫిబ్రవరిలో అక్కడ మైనస్ పది డిగ్రీలంటే మామూలు మాట. "ఆ మంచులో మేమేం చూస్తామమ్మా, మేలో వస్తాం, అప్పుడే హాలు తీసుకుని అందరినీ పిలవండి" అంటున్నారు. మా వారిదీ అదే పాట. ఈ వందమందినీ కాలేజీయే మేలో జరిగే పెద్ద కమెన్స్‌మెంట్‌లో (స్నాతకోత్సవంలో) కలిపేస్తే ఈ తలనొప్పే ఉండేది కాదు, రెండు వేడుకలు దేనికి అంటారు. నాకేమో వేరేగా చేయడమే బాగుందనిపిస్తోంది. అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం మమ్మీ" అంది. ఆ మాటకి అర్థం ఏమిటో ఆడపిల్లల తల్లులకు నేను చెప్పక్కర్లేదు.

మీరేమంటారు?

డల్లాస్_నాన్న

మీ వారి పక్షం నేను. మావాడు ఒక చిన్న కాలేజీలో డిసెంబరుకే పూర్తిచేశాడు. అక్కడ చలికాలంలో వేడుక గట్రా ఏమీ లేదు. మేలో వెళ్లి తన బ్యాచ్‌తో పాటు స్టేజీ ఎక్కాడు. అప్పటికే ఉద్యోగంలో చేరి జీతం తీసుకుంటున్నాడు, మాకూ టెన్షన్ లేదు. స్నేహితులంతా ఒకచోట దొరికారు, ఎండ బాగుంది, ఫొటోలు బాగా వచ్చాయి.

చాలా కాలేజీలు చేసేది ఇదే. డిసెంబరులో అయినవాళ్లు మేలో వచ్చి నడుస్తారు. ఏడాదికి 80 వేల డాలర్లు దాటిన ఫీజులు కడుతున్నాం, దాని మీద ఫిబ్రవరిలో ఓ ప్రయాణం, హోటలు, మంచు బూట్లు. తల్లిదండ్రుల జేబు గురించి ఎవరైనా ఆలోచించారా?

తెనాలి_మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఖర్చు సంగతి పక్కన పెట్టండి. నా అభ్యంతరం ఆ గౌను గురించి. స్నాతకోత్సవం అంటే చదువు ముగిసిందని పెద్దల ముందు తలవంచి పట్టా పుచ్చుకునే సందర్భం. ఆ వస్త్రానికో మర్యాద ఉంది. దాన్ని వేసుకుని కొండ మీద నుంచి జారడమేమిటి? కాళ్లకి చక్రాలు కట్టుకుని మా వైస్ ఛాన్సలర్ గారి ముందుకు ఎవరైనా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటేనే భయమేస్తోంది.

మేలో అందరితో కలిపి పద్ధతిగా చేస్తే సరిపోయేదానికి ఈ వేషాలెందుకు?

కూకట్‌పల్లి_కుర్రాడు

మాస్టారూ, నమస్తే. మన దగ్గర మాత్రం ఏ మర్యాద మిగిలింది చెప్పండి? మా బ్యాచ్‌లో సగం మందికి కాన్వొకేషన్ ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. ప్రొవిజినల్ సర్టిఫికెట్‌తో ఉద్యోగాల్లో చేరిపోయాం. తర్వాత ఫీజు కట్టి, కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకున్నాం. గౌను సంగతి దేవుడెరుగు, ఆ కిటికీ వెనకాయన తలెత్తి మొహం కూడా చూడలేదు.

అయినా నా డౌటు వేరే. ఈ ఫిబ్రవరి అడ్మిషన్ అంటే మిగిలిన సీట్లు నింపుకోవడమే కదా? మూడో ఏడాది పిల్లలు చాలామంది విదేశాలకు సెమిస్టర్ చదవడానికి పోతారు, హాస్టల్ గదులు ఖాళీ అవుతాయి, అందులోకి వీళ్లని తెస్తారు. సెప్టెంబరులో చోటివ్వకుండా ఆపి, ఆర్నెల్లు ఆగి రమ్మని, చివర్లో మంచులో పండగ చేసి సంతోషపెట్టడం. వేరే వేడుక పెట్టడమంటే వీళ్లు వేరు అని ముద్ర వేయడం కాదా?

మాజీ_ఫెబ్

నేను హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడే చదివాను, ఫెబ్బునే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

కూకట్‌పల్లి బ్రో చెప్పిన గదుల లెక్క నిజమే, కాలేజీ కూడా దాన్ని దాచుకోదు. కానీ ముద్ర విషయంలో మాత్రం ఒప్పుకోను. సెప్టెంబరులో చేరేది ఆరేడు వందల మంది, ఆ గుంపులో సగం మంది పేర్లు చివరిదాకా తెలియవు. మేం వందమందిమి. నడి చలికాలంలో, మిగతా కాలేజీ అంతా అప్పటికే జట్లు కట్టుకుని ఉండగా దిగాం. ఓరియంటేషన్‌లో మొదటి వారమే అందరికీ అందరి పేర్లూ వచ్చేశాయి. చివరి రోజున ఆ వందమందే ఉండాలని మాకు అనిపించదా? మేలో కలిపేస్తే ఆ పెద్ద గుంపులో నాలుగు వరసల్లో చెదిరిపోయేవాళ్లం.

ఇంకొకటి, టైమింగు. జనవరిలో ఒకే కోర్సుతో నడిచే చిన్న టర్మ్ ఉంటుంది. అది అవగానే మా వేడుక. మేం గదులు ఖాళీ చేసిన కొద్ది రోజులకే కొత్త ఫెబ్‌లు పెట్టెలతో దిగుతారు. మేము కొండ దిగిన వారమే వాళ్లు ఎక్కడం మొదలుపెడతారన్నమాట.

మాస్టారు గారికి: సభ సభలాగే జరుగుతుందండి. చాపెల్‌లో ప్రసంగాలుంటాయి, అందరూ బుద్ధిగానే కూర్చుంటారు. ఒక్కొక్కరి చేతికీ ఓ చేతికర్ర ఇస్తారు. ఆ కాలేజీ పెట్టినవాళ్లలో గమాలియెల్ పెయింటర్ అని ఒకాయన ఉన్నారు. 1819లో పోతూ పోతూ తన ఆస్తిని, తన చేతికర్రని కాలేజీకి రాసిచ్చారు. అసలు కర్ర కాలేజీ దగ్గరే ఉంటుంది, కొత్తగా చేరినవాళ్లు దాన్ని చేయీ చేయీ మార్చుకుంటారు. వెళ్లేటప్పుడు ఇచ్చేది దాని నకలు. మా అమ్మమ్మ ఇప్పుడు దాన్నే పట్టుకుని అపార్టుమెంటు కింద వాకింగ్‌కి వెళ్తోంది.

ఇక కొండ. క్యాంపస్ నుంచి అరగంట ప్రయాణం, రిప్టన్ మీదుగా ఘాట్ రోడ్డు. గౌను కింద మందపాటి జాకెట్టు వేసుకుంటే మనిషి రెండింతలవుతాడు. హెల్మెట్ మీద ఆ పలక టోపీ నిలబడదు. అందుకని టేపు చుట్టాం. నా స్నేహితుడి టేపు చలికి పట్టు వదిలేసింది. పైన లిఫ్ట్ దిగుతుండగానే టోపీ ఎగిరి చెట్ల మధ్యకి పోయింది. వాడు బోడి హెల్మెట్‌తోనే దిగాడు. స్కీ వచ్చినవాళ్లు వంకరటింకరగా అందంగా దిగారు, కొందరు స్నోబోర్డు మీద, కొందరు మంచులో నడిచే జాలి చెప్పులతో, కొందరు చిన్నపిల్లల స్లెడ్ బండి మీద. నేను స్లెడ్డే. కాళ్లు అడ్డం పెట్టినా ఆగలేదు, పేరెంట్స్ నిలబడ్డ తాడు దాకా వెళ్లిపోయాను. మా నాన్న ఫోన్లో వీడియో తీస్తూ "ఒరేయ్ ఆపరా, ఆపరా" అని అరుస్తున్నది మొత్తం రికార్డయింది. మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ దసరాకి, ఉగాదికి అదే తిరుగుతుంది.

చల్లపల్లి_చిన్నది

చదవడానికి బాగుంది గానీ, ఒక మాట అడుగుతాను. స్కీయింగ్ ఎవరి ఆట? పుట్టినప్పటి నుంచీ డబ్బూ మంచూ రెండూ చూసినవాళ్లది. అమెరికాలో సొంత స్కీ కొండ ఉన్న కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ స్నో బౌల్ అయితే 1930ల నుంచి ఉంది. సౌకర్యం ఉంది సరే, పండగంతా ఆ కొండ చుట్టూనే తిప్పితే, స్కాలర్‌షిప్ మీద వచ్చిన పిల్ల, మోకాలి ఆపరేషన్ అయిన పిల్లాడు, అసలు మంచంటేనే భయపడేవాళ్లు ఎక్కడ నిలబడాలి? స్లెడ్ ఉంది కదా అంటారు. వరసలో అందరూ బాణాల్లా దూసుకొస్తుంటే మనం పిల్లల బండి మీద రావడం అందరికీ సరదాగా ఉండదు. మీకు సరదాగా ఉందేమో.

నేను కలిపేయమనడం లేదు. వేడుక వేరుగా చేయండి, కొండ లేకుండా చేయండి అంటున్నాను.

మాజీ_ఫెబ్

అక్కా, ఆ డబ్బు మాట కాదనలేను. మా బ్యాచ్‌లో చాపెల్ సభ అయ్యాక కొండకి రానివాళ్లూ ఉన్నారు, వచ్చి కింద వేడి చాక్లెట్ తాగుతూ నిలబడ్డవాళ్లూ ఉన్నారు. కానీ కొండ తీసేస్తే మిగిలేది ఇంకో సభ. అప్పుడు ఫిబ్రవరిలో ఇంకో ప్రయాణం దేనికన్న డల్లాస్ అంకుల్ ప్రశ్నకి జవాబు ఉండదు. అదైతే మేలోనే పెట్టుకోవచ్చు.

వీసా_వెంకట్

మీరంతా టోపీ ఎగిరిందా లేదా అని చూస్తున్నారు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) పిల్లల సంగతి ఒకటి చెబుతాను. ఎడిసన్ మేడమ్ గారి అమ్మాయికి ఇది అక్కర్లేకపోవచ్చు.

వేడుక ఏ నెలలో జరిగినా ఇమ్మిగ్రేషన్‌కి పట్టదు, వాళ్లు చూసేది ప్రోగ్రామ్ ముగిసే తేదీ. ఓపీటీకి, అంటే చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకునే అనుమతికి, ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి, 60 రోజుల తర్వాత దాకా అప్లై చేసుకోవచ్చు. మేలో స్టేజీ ఎక్కుదాంలే అని అప్లికేషన్ కూడా మే దాకా ఆపితే కొంప మునుగుతుంది.

ఫిబ్రవరి వాళ్లకి ఒక లాభం ఉంది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీకి రిజిస్ట్రేషన్ మార్చిలో, పిటిషన్లు ఏప్రిల్ 1 నుంచి. పిటిషన్ వేసేనాటికి డిగ్రీ పూర్తయి ఉండాలి. మేలో పూర్తయ్యేవాళ్లు డిగ్రీ అయ్యేదాకా ఆగి, పిటిషన్ గడువు ముగిసేలోపు హడావుడిగా వేసుకోవాలి, ఫిబ్రవరి వాళ్లు ఏప్రిల్ 1నే వేసుకోవచ్చు. నష్టం కూడా వినండి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కాని సబ్జెక్టు అయితే ఓపీటీ 12 నెలలే. ఫిబ్రవరి చివర్లో మొదలుపెడితే మరుసటి ఏడు ఫిబ్రవరి చివరికి అయిపోతుంది, మొదటిసారి లాటరీలో పేరు రాకపోతే, రెండోసారి పిటిషన్ వేసే ఏప్రిల్ 1కి పని చేసే అనుమతి చేతిలో ఉండదు. మొదలుపెట్టే తేదీని ఆ 60 రోజుల్లో వీలైనంత ఆలస్యంగా ఉండేలా జరుపుకునేవాళ్లు అందుకే జరుపుకుంటారు. మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చుని క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేసుకోండి. ఇక్కడ చదివి కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు

వెంకటన్నా, ఏ చర్చలోనైనా చివరికి హెచ్-1బీ తెస్తావు. 🙏

డల్లాస్_నాన్న

వెంకట్ గారిది పనికొచ్చే మాట. మావాడు అమెరికన్ సిటిజన్ కాబట్టి తప్పించుకున్నాం.

సరే, మాజీ ఫెబ్ బాబు చెప్పింది విన్నాక ఒకటి ఒప్పుకోవచ్చు: వచ్చేటప్పుడే విడిగా వచ్చినవాళ్లకి విడిగా వీడ్కోలు అంటే అర్థముంది. కానీ మావాడిలా సెప్టెంబరులో చేరి ఒక సెమిస్టర్ ముందు ముగించినవాళ్లకి వేరే వేడుక ఎందుకు? వాళ్ల బ్యాచ్ మేలో ఉంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడుతున్నాం ఇంతసేపూ.

ఎడిసన్_ఇల్లాలు

అందరికీ థాంక్స్ అండి. డల్లాస్ అన్నయ్యగారూ, మీరు చెప్పిన తేడాని రాత్రి మా వారికి చదివి వినిపించాను. "ఆయన నా పక్షం కదా" అన్నారు, అంతే.

ఖర్చు మాట చెబుతాను. మే కమెన్స్‌మెంట్ మెమోరియల్ డే వీకెండ్‌లో వస్తుంది. ఆ చిన్న ఊళ్లో అప్పుడు గది దొరకడమే గగనం, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫిబ్రవరిలో నాకు దొరికింది. న్యూయార్క్ నుంచి 2022లో ఆ ఊరిదాకా ఆమ్‌ట్రాక్ రైలు వేశారు. మంచులో కారు నడపడం మా వారికి ఇష్టం లేదు కాబట్టి రైల్లోనే వెళ్తాం. అత్తయ్యగారు, మామయ్యగారు మేలోనే వస్తారు. అప్పుడు మా ఊరు ఎడిసన్‌లో హాలు, పులిహోర, గుత్తివంకాయ, అన్నీ ఉంటాయి. ఆయాసం ఉన్న మనిషిని ఆ కొండ కింద నిలబెట్టే ధైర్యం నాకు లేదు.

చిన్నదీ, నీ మాట మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. దానికీ స్కీయింగ్ అంతంతమాత్రం. కింద నిలబడనంది, పడినా పర్లేదంది.

తెనాలి_మాస్టారు

వెళ్లిరండమ్మా, శుభం. తల్లిదండ్రులు వెళ్లాల్సిందే, అందులో రెండో మాట లేదు. గౌను విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

చేతికర్ర సంగతి నచ్చింది. పోయేవాడు తన కర్రని బడికి రాసివ్వడం గొప్ప సంగతే. అయితే ఇరవై రెండేళ్ల పిల్లలకి దాంతో పనేమిటి? మాలాంటివాళ్లకి అమ్ముతారేమో కనుక్కోండి, మా ఊళ్లో దొరికేవి ఆర్నెల్లకే విరుగుతున్నాయి.

మాజీ_ఫెబ్

మాస్టారూ, నకలు కదా, అది కూడా అంత గట్టిదేం కాదు. అమ్మమ్మ దానికి అడుగున రబ్బరు బిళ్ల వేయించింది.

ఆంటీ, రైల్లో వెళ్తే స్టేషన్ నుంచి కొండ దాకా బండి ముందే మాట్లాడుకోండి, ఆ ఊళ్లో క్యాబ్‌లు అప్పటికప్పుడు దొరకవు. బూట్లు మీ దగ్గరే కొనుక్కుని వెళ్లండి. అంకుల్‌కి చలిలో ఫోన్ బ్యాటరీ గబగబా దిగిపోతుందని చెప్పండి. లోపలి జేబులో పెట్టుకుని, మీ అమ్మాయి పైన కనపడ్డాకే బయటకు తీయమనండి.