అప్‌డేట్: ఎస్పెరాంతోలో ‘ఎంగిలి’కి మాట దొరికింది

1887లో జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు తానే తయారుచేసి తెచ్చిన ఎస్పెరాంతో భాషలో మన ‘ఎంగిలి’ని ఏమనాలని పోయిన నెల అడిగాను. మీలో చాలామంది ‘బుష్‌తుషిత’ అన్నారు. బుషో నోరు, తుషి తాకడం. సగం తాగిన చాయ్‌కి బాగానే కుదిరింది. మరి అన్నం కలిపిన చెయ్యి? బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూలు? ముందురోజే కోసి పెట్టుకున్న పూలు కాబట్టి ఆ పేరని మా అంబర్‌పేట అమ్మమ్మ చెప్పేది. అక్కడ నోటి ప్రసక్తే లేదు.

అందుకే మన మాటనే ధాతువుగా తీసుకున్నాను. ఆ భాషలో నామవాచకం ‘ఓ’తో ముగుస్తుంది కాబట్టి ఎంగిలో, విశేషణం ఎంగిల. క్రియ ‘ఇ’తో ముగియాలి, అంటే అచ్చంగా ‘ఎంగిలి’! కాగితం మీద రాసుకోగానే ఎంత సంతోషమేసిందో. ‘మడి’కి మాత్రం ఇంకా వెతుకుతున్నాను.