వేమవరం వెళ్ళిన పుల్లయ్య ఏమయ్యాడు?

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా మేనకోడలి కొడుకు బారసాల. పెరుగు తెమ్మంటే ఉత్త చేతులతో తిరిగొచ్చిన కుర్రాణ్ణి చూసి, "పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టుంది" అన్నాను. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "పుల్లయ్యా? అదసలు పేరేనా బాబాయ్?" అన్నాడు.

కథ చెప్పాను. రేపు పుల్లయ్యని వేమవరం పంపాలని ఇంట్లో అనుకుంటుంటే విని, ఎందుకో అడక్కుండానే తెల్లారేసరికి వెళ్ళొచ్చేశాడట. పేరు దగ్గర మాత్రం తడబడ్డాను. ఇది పుల్లల పుల్ల కాదు, పుల్లాకు, అంటే ఎంగిలి విస్తరాకు అని మా అమ్మ చెప్పేది. మీరేమంటారు?

*

మీ అమ్మగారి మాటే నిజమండీ. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాతి వాణ్ణి పుల్లాకు మీద పడుకోబెట్టి పుల్లయ్య అనేవారు. పెంట మీద పడుకోబెడితే పెంటయ్య. చావు కూడా ఛీ అని వదిలేయాలని! నన్నడిగితే పిచ్చయ్యలో కూడా పిచ్చి లేదు. తమిళుల పిచ్చై లాగా అది భిక్షే, అడిగి తెచ్చుకున్న బిడ్డ. టీకాలు, కాన్పు ఆసుపత్రులు వచ్చి పిల్లలు బతకడం మొదలయ్యాక ఈ పేర్లకు పని లేకపోయింది. వాటిని మోటు పేర్లని నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎంతమంది తల్లుల కడుపుకోత ఉందో వాటిలో.

— తెనాలి నుంచి

*

అక్కయ్యగారూ, అది సగమే. బిడ్డలు బతికిన ఇళ్ళలోనూ 'అయ్య' పేర్లు పోయాయి కదా? పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా చూపించారు. 1933లో వేమూరులో పుట్టిన రోశయ్య 2009లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు ఎల్‌కేజీలో ఒక్క 'అయ్య' దొరికితే చెప్పండి.

నేను చూసినంతలో దేవుడు మారలేదు, తోక మారింది. కోటప్పకొండ మొక్కు వల్ల తాత కోటయ్య, కొడుకు కోటేశ్వరరావు, మనవడు కోటేశ్వర్. ముగ్గురినీ వీధిలో పిలిచేది 'కోటీ' అనే! మా మంగళగిరిలో పానకాలు పానకాలరావు అయ్యాడు. గుంటూరు మస్తాన్ దర్గాకి మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో మస్తానయ్య మస్తాన్‌రావు అయ్యాడు. 'అయ్య' మొదట్లో గౌరవమే. అందరికీ తగిలించేసరికి అరిగిపోయింది, 'రావు' వచ్చింది. అదీ అరిగాక కుమార్, బాబు, ప్రసాద్. ఇప్పుడు తోకే లేదు. రెండక్షరాలు, మహా అయితే మూడు.

*

తాత పేరు మనవడికి పెట్టడం కూడా కలపండి. పేరు ఒక తరం ఆగి మళ్ళీ వచ్చేది అందుకే. కోడలు మామగారి పేరు పలకకూడదు కాబట్టి కన్నకొడుకునే 'తాతబ్బాయి' అని పిలుచుకునేది. ఇప్పుడా తాత ఇనిషియల్‌లో కూర్చున్నాడు. నా పేరు ముందున్న వి.ఎస్. ఏంటో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. వెంకట సుబ్బయ్య. చెప్పాలంటే నాకే మొహమాటం.

— బెజవాడ, సత్యనారాయణపురం

*

అందరికీ ధన్యవాదాలు. బారసాల సంగతి చెప్పలేదు కదూ. పిల్లవాడిది ఆరుద్ర నక్షత్రం. పంతులుగారు కూ, ఘ, ఙ, ఛ అని నాలుగక్షరాలిచ్చారు. ఙ తో పేరేంటండీ! అమ్మానాన్నలు వారం రోజులు ఫోన్లు పట్టుకుని వెతికి, టెన్షన్ పడి, చివరికి బియ్యంలో కుశాల్ అని రాశారు. ముత్తాత పేరు చెవిలో చెప్పించారు, సర్టిఫికెట్‌లో ఉండదట.

ఈ చర్చంతా ఆ ఇంజనీరింగ్ కుర్రాడికి చదివి వినిపించాను. "సరే బాబాయ్, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, ఈ సోమలింగం ఎవరు?" అంటున్నాడు. ఎవరైనా అందుకోండి.