జనవరిలో బల్గేరియా: సుర్వా పండగ పెర్నిక్‌లో చూడాలా, ఊళ్లలోనా?

మ్యూనిక్_రవ్వదోశ:
జనవరి 12 నుంచి 16 దాకా సోఫియాలో ఉంటాం, నేనూ మా ఆవిడా. దగ్గర్లోని పెర్నిక్‌లో సుర్వా అనే వేషాల పండగ బాగుంటుందని విన్నాం గానీ అది జనవరి చివరి వారాంతంలో అంట. మా తేదీలకు ఏమైనా చూడొచ్చా? ఎవరైనా వెళ్లి ఉంటే చెప్పండి.

పెర్నిక్_దగ్గరే:
మీ తేదీలే మంచివండీ! చివరి వారాంతంలో పెర్నిక్ టౌన్‌లో జరిగేది 1966లో మొదలైన ఉత్సవం, వేరే దేశాల బృందాలు కూడా వస్తాయి, పోటీలుంటాయి. అసలు సుర్వా మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్లలో జనవరి 13 రాత్రి, 14 పగలు. బల్గేరియా 1916లో క్యాలెండర్ మార్చుకుంది, పాత లెక్కలో సంవత్సరాది ఇప్పటి 14న పడుతుంది, ఈ ఊళ్లవాళ్లు ఆ రోజును వదులుకోలేదు. యునెస్కో 2015లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఊళ్లలో చేసుకునే ఈ పండగనే. కొషరెవో, యార్జిలొవ్‌ట్సి లాంటి ఊళ్లు చూడండి.

గుంటూరు_గోంగూర:
నేను సోఫియాలో ఉద్యోగం చేస్తున్నాను, పై మాటకు నా ఓటు. 13 రాత్రి ఊరి మధ్యలో పెద్ద మంట వేస్తారు. మనకు భోగి మంటలు కూడా ఆ తేదీల్లోనే కదా, ఇంటికి దూరంగా ఉన్న నాకు ఆ మంట దగ్గర నిలబడితే కళ్లు చెమర్చాయి. వేషాలు వేసేవాళ్లను సుర్వకారి అంటారు. గొర్రెతోళ్లో, రంగురంగుల గుడ్డపేలికలు కుట్టిన కోట్లో వేసుకుంటారు, నడుముకు వరసగా గంటలు, తలమీద ఈకలూ కొమ్ములూ ఉన్న ముసుగులు, కొన్నయితే మనిషంత ఎత్తు. అందరూ ఒకేసారి ఎగిరితే ఆ గంటల మోత గుండెల్లో తగులుతుంది. నా పక్కనే ఒకతను ముసుగు తీశాడు, ఆ చలిలో తలమీంచి ఆవిరి లేస్తోంది, మొహమంతా చెమట, వాళ్లమ్మ కాబోలు తువ్వాలుతో తుడుస్తోంది. చెడును తరిమి, కొత్త ఏడాది పంటలూ పిల్లాపాపలూ బాగుండాలని చేస్తారు ఇదంతా.

మ్యూనిక్_రవ్వదోశ:
మరి 14న ఏముంటుంది? ఒక్క రాత్రి చూసి వచ్చేస్తే సరిపోదా?

పెర్నిక్_దగ్గరే:
రాత్రి ఒక్కటీ చూసి వచ్చేయకండి. 14న బృందం ఇంటింటికీ తిరుగుతుంది. అందులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పూజారి, ఎలుగుబంటి, దాన్ని ఆడించేవాడు ఉంటారు, పెళ్లికూతురు వేషం చాలాచోట్ల మగవాళ్లే వేస్తారు. ఇంటివాళ్లకు శుభం పలుకుతారు, ఆ ఇంట్లో కొత్త జంట ఉంటే పూజారి వేషగాడు వాళ్లకు మళ్లీ పెళ్లి చేస్తాడు. ఇంటివాళ్లు తిండీ, రకియా (పళ్లతో చేసే సారా), డబ్బులూ ఇస్తారు. మన సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లకూ హరిదాసులకూ పెట్టినట్టే, బిచ్చం అన్న భావం ఎవరికీ ఉండదు.

వరంగల్_నుంచి_వర్నా:
జనవరి కుదరకపోతే జూన్ 3న బల్గారి అనే ఊరికి వెళ్లండి, స్ట్రాంజా కొండల్లో ఉంది. నెస్తినారులు సెయింట్ కాన్‌స్టాంటిన్, హెలీనా విగ్రహపటాలు చేత పట్టుకుని నిప్పుల మీద చెప్పుల్లేకుండా నడుస్తారు, డప్పూ తిత్తివాయిద్యం మోగుతూనే ఉంటాయి. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పీర్ల పండగకు పీర్లనెత్తుకుని గుండంలో నడవడం చూస్తూ పెరిగినదాన్ని, ఆ ఊళ్లో నాకు ఏదీ కొత్తగా అనిపించలేదు, భక్తి కూడా అదే. సముద్రం ఒడ్డున టూరిస్టుల కోసం హోటళ్లు పెట్టే నిప్పుల షోలు వేరు, అవి చూసి ఇదే ఆ పండగ అనుకోవద్దు.

మ్యూనిక్_రవ్వదోశ:
13 రాత్రి, 14 పగలు రెండూ ఖాయం చేసుకున్నాం. ఊళ్లో పిలవని ఇంటికి వెళ్లొచ్చా?

గుంటూరు_గోంగూర:
బృందం వెనకాల నడవండి, గుమ్మం దగ్గర ఆగండి, లోపలికి రమ్మంటేనే వెళ్లండి, చాలామంది రమ్మంటారు. ఇంట్లో ఫోటోలు అడిగి తీయండి. సోఫియా నుంచి పెర్నిక్ 30 కిలోమీటర్లే, రైళ్లూ బస్సులూ ఉన్నాయి, కానీ ఆ రాత్రి ఊరి నుంచి తిరిగి రావడానికి కారు ముందే మాట్లాడుకోవాలి. బురద, మంచు రెండూ ఉంటాయి, మంచి బూట్లు వేసుకోండి.